పదవ తరగతికి ఎన్ని సబ్జెక్టులు? – ఒక చారిత్రక పరిశీలన



కొన్నేళ్ళ క్రిందటి మాట. పదవ తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. వెల్డింగ్ పని చేసుకునే మనిషి. కొడుకు మా బడిలోనే చదివాడు. లెక్కల్లో మంచివాడు, ఉర్దూ చక్కగా రాసేవాడు. ఇంగ్లీషులో తప్పాడు. తండ్రి గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టర్ సాబ్, అయిదింట్ల పాసైండు, ఒక్కదాంట్ల పోయింది. మరి పాసైన ఆ అయిదు ఎటు పోయినట్టు?" అని అడిగాడు. మేము ఏదో ధైర్యం చెప్పి పంపించాం. ఆ పిల్లవాడు మళ్ళీ బడి వైపు రాలేదు. తండ్రి దుకాణంలో కూర్చున్నాడు.

ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. అసలు ఒక పిల్లవాడు ఎన్ని సబ్జెక్టులు చదవాలి, ఎన్నింటిలో పరీక్ష రాయాలి, ఒక్కటి తప్పితే మిగతావి ఏమి కావాలి? ఈ లెక్క ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు? ఈ సంచికకు ఒక వ్యాసం రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ఈ విషయం చరిత్రలో ఎలా నడిచిందో చూద్దామనుకున్నాం.

పరీక్షలు లేని కాలం

అచ్చుకాగితం మీద ప్రశ్నలు, హాల్ టికెట్టు, మార్కుల మెమో - ఇవన్నీ మన దేశానికి కొత్తవే. అంతకు ముందు మదరసాలలో 'ఇజాజత్' అనే పద్ధతి ఉండేది. ఒక గురువు దగ్గర ఒక గ్రంథం పూర్తిగా చదివి, అది వచ్చిందని ఆయనకు నమ్మకం కలిగితే, ఆ గ్రంథం ఇతరులకు చెప్పడానికి అనుమతి ఇచ్చేవాడు. అనుమతి ఆ గ్రంథం వరకే. ఇంకొకటి రాకపోతే వచ్చినది రద్దయ్యేది కాదు.

పద్దెనిమిదవ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్ కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) ఒక పాఠ్యక్రమం ఏర్పరిచారు. దానినే 'దర్సె నిజామీ' అంటారు. అందులో సామాన్యంగా లెక్కించే విషయాలు పదకొండు: సర్ఫ్, నహ్వ్, మంతిఖ్, హిక్మత్, రియాజీ, బలాగత్, ఫిఖా, ఉసూలె ఫిఖా, కలామ్, తఫ్సీర్, హదీస్. అంటే వ్యాకరణం రెండు భాగాలు, తర్కం, తత్వం, గణితం, అలంకారశాస్త్రం, ఆ తర్వాత ధర్మశాస్త్ర సంబంధమైనవి. కాబట్టి పిల్లల మీద విషయాల భారం ఈనాడే మొదలైందనడం సరికాదు. అయితే ఆ పదకొండూ ఒకే వారంలో పరీక్ష రాయవలసినవి కావు. ఒకదాని తర్వాత ఒకటి, ఏళ్ళ తరబడి సాగేవి.

ఆ కాలాన్ని ఊరకే పొగడడం కూడా మా ఉద్దేశం కాదు. ఆ చదువు కొద్దిమందికే అందింది. ఆడపిల్లలకు దాదాపు అందనే లేదు. వెల్డింగ్ పనివాని కొడుకు వంటి వానికి ఆ తలుపు తెరిచి ఉండేదని చెప్పలేం.

1857 – మెట్రిక్యులేషన్ రాక

1854లో ఉడ్ నివేదన వచ్చింది. దాని ఫలితంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. కాలేజీలో చేరడానికి వారు పెట్టిన ప్రవేశ పరీక్షే మెట్రిక్యులేషన్. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పరీక్ష బడి చదువు ఎంతవరకు వచ్చిందో చూడడానికి పుట్టినది కాదు, కాలేజీకి ఎవరు పనికివస్తారో వడపోయడానికి పుట్టింది. కాని కాలక్రమేణా గుమాస్తా ఉద్యోగానికి కూడా అదే అర్హత అయింది. దానితో బడి మొత్తం ఆ పరీక్ష చుట్టూ తిరగసాగింది.

ఆనాటి పరీక్షలకు 'సముదాయం' అనే నియమం ఉండేది. అన్ని విషయాల్లో కలిపి పాసైతేనే పాసు. ఒక్కటి తప్పితే అన్నీ తప్పినట్టే. ఈ నియమం ఎంతవరకు పోగలదో చెప్పడానికి శ్రీనివాస రామానుజన్ కథ చాలు. ఆయన 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్ షిప్పుతో చేరారు. లెక్కలలో మునిగి ఇంగ్లీషు వదిలివేయడంతో ఆ స్కాలర్ షిప్పు పోయింది. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రాశారు. గణితంలో ఆయనకు సాటి లేదు, కాని శరీరశాస్త్రం వంటి విషయాలు గట్టెక్కలేదు. 1907లో మరొకసారి రాసినా పాసు కాలేదు. అదే రామానుజన్ 1918లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. ఆయనను కనిపెట్టడానికి ఒక హార్డీ దొరికాడు. దొరకని వారు ఎంతమందో మనకు తెలియదు.

ఈ లోపాన్ని ఆనాటి ప్రభుత్వం గుర్తించలేదని కాదు. 1882లో నియమించిన హంటర్ కమిషన్, ఉన్నత పాఠశాలలో రెండు దారులు ఉండాలని చెప్పింది: ఒకటి విశ్వవిద్యాలయానికి పోయేది, రెండవది వ్యాపారానికి, వృత్తులకు పనికివచ్చేది. కాని రెండవ దారిలో నడిచినవారు తక్కువ. ఉద్యోగం ఎటు ఉంటే జనం అటే పోతారు కదా!

ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో మద్రాసు రాష్ట్రంలో మెట్రిక్యులేషన్ స్థానే ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాల పెద్దలకు ఆ మాట బాగా తెలుసు. అందులో అందరూ చదవవలసినవి కొన్ని, విద్యార్థి ఎంచుకోవలసినవి కొన్ని అని విభజన చేశారు. పరీక్ష మార్కులతో పాటు బడిలో వచ్చిన మార్కులు కూడా ఆ పుస్తకంలోకి ఎక్కేవి. ఆ రోజులకు అది చాలా ముందడుగు.

మన హైదరాబాదులో

నిజాం రాష్ట్రంలో 1917లో ఫర్మానా వెలువడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలైనాయి. ఉన్నత విద్య మొత్తం ఉర్దూ మాధ్యమంలో చెప్పడం, ఇంగ్లీషును తప్పనిసరి భాషగా నేర్పడం ఆ విశ్వవిద్యాలయం ప్రత్యేకత. దీనికై దారుత్తర్జుమా అనే అనువాద విభాగం స్థాపించి గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, చరిత్ర మొదలగు గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం కూడా తప్పనిసరిగా ఉండేవి.

గర్వపడవలసిన ప్రయత్నమే. అయితే దానిలో ఒక చిక్కు కూడా ఉన్నది. రాష్ట్రంలో ఎక్కువమంది పిల్లల ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. వారికి ఉర్దూ ఒక అదనపు భారం, దాని మీద ఇంగ్లీషు మరొకటి. ఈనాడు మన పిల్లలు మోస్తున్న భాషల బరువును ఆనాడు వారి పిల్లలు మోశారు. ఈ మాట మనం మరచిపోకూడదు. 1948 తర్వాత బోధనా మాధ్యమం మారింది, బరువు ఒక భుజం నుండి మరొక భుజానికి మారింది.

మన హైదరాబాదులోనే 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారిని ఇక్కడ తలచుకోవాలి. 1937లో వార్ధా విద్యా సమావేశం తర్వాత ఏర్పడిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఏడేళ్ళ ప్రాథమిక విద్య మాతృభాషలో సాగాలని, ఒక చేతిపని చుట్టూ లెక్కలు, సామాన్యశాస్త్రం, సాంఘిక విషయాలు అల్లుకోవాలని వారు ప్రతిపాదించారు. అంటే 'విషయాలు ఎన్ని?' అని లెక్కపెట్టడానికి బదులు 'అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా?' అని అడిగారు. నూలు వడికే పిల్లవాడు కొలతలు నేర్చుకుంటాడు, పత్తి పండే నేల గురించి తెలుసుకుంటాడు. వెల్డింగ్ దుకాణంలో కూర్చున్న మా విద్యార్థి ఇనుప చట్రానికి కోణం కొలుస్తున్నప్పుడు మాకు ఆ నివేదికే గుర్తుకు వస్తుంది. పరీక్షల పద్ధతి మాత్రం ఆ దారిన పోలేదు.

ఎంచుకోవాలా, అన్నీ చదవాలా?

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు విద్యామంత్రిగా ఉన్నప్పుడు, 1952లో మొదలియార్ కమిషన్ ఏర్పడింది. 1953లో నివేదిక ఇచ్చింది. అందరికీ భాషలు, సాంఘిక శాస్త్రం, సామాన్యశాస్త్రం, ఒక చేతిపని ఉండాలి, ఆపైన ఏడు విభాగాలలో ఒకటి విద్యార్థి ఎంచుకోవాలి అని చెప్పింది. ఆ ఏడు: మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఈ సిఫారసు మీదనే మల్టీపర్పస్ స్కూళ్ళు వెలిశాయి. మన పెద్దలలో చాలామందికి ఆ బోర్డులు గుర్తుండే ఉంటాయి. కాంపోజిట్ మేథ్స్, జనరల్ మేథ్స్ అనే తేడా కూడా మన రాష్ట్రంలో చాలాకాలం నడిచింది.

చూడడానికి ఇది పిల్లలకు మేలైన ఏర్పాటే. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు తనకు నచ్చినది ఎంచుకుంటాడు. కాని నిజానికి ఎంచుకున్నది ఎవరు? ఏ బడిలో ఏ టీచరు ఉన్నాడో, ప్రయోగశాల ఉన్నదో లేదో, అదే ఎంచింది. ఆడపిల్లల విషయంలో ఇంకా స్పష్టం. "అమ్మాయికి లెక్కలెందుకు, గృహవిజ్ఞానం చాలు" అని ఇంటివారు, బడివారు కలిసి తేల్చేశారు. తర్వాత ఆ అమ్మాయి డాక్టరు కావాలనుకున్నా దారి మూసుకుపోయి ఉండేది. ఈ అన్యాయాన్ని హంసా మెహతా గారి అధ్యక్షతన 1962లో ఏర్పడిన కమిటీ పరిశీలించి, బాలురకు ఒక చదువు, బాలికలకు ఒక చదువు అనే భేదం ఉండరాదని చెప్పింది.

1964లో డాక్టర్ డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన మరొక కమిషన్ వచ్చింది. 1966లో ఇచ్చిన నివేదికలో, మొదటి పదేళ్ళ చదువులో విభాగాలు వద్దు, గణితం, విజ్ఞానశాస్త్రం అందరూ చదవాలి, ఎంచుకోవడం పదవ తరగతి తర్వాతనే అన్నది. మొదలియార్ తెరిచిన తలుపును కొఠారీ మూసినట్టు కనిపిస్తుంది. కాని ఆ తలుపు మూయడం వల్లనే మన ఆడపిల్లలు ఇంటర్మీడియట్ లో బై.పి.సి., ఎం.పి.సి. చేరగలిగారని మా అభిప్రాయం. తక్కువ సబ్జెక్టులు పెడితే బీదపిల్లలకు మేలు జరుగుతుందని తొందరపడి అనేవారు ఈ చరిత్రను ఒక్కసారి చూడాలి. వదిలేసే హక్కు ఇస్తే, ముందుగా వదిలేయమని చెప్పేది బీదవారి పిల్లలకే, ఆడపిల్లలకే.

భాషల లెక్క

ఇక మూడు భాషల సంగతి. 1956లో కేంద్ర విద్యా సలహా మండలి ప్రతిపాదించి, 1961లో ముఖ్యమంత్రుల సమావేశం సరళం చేసి, 1968 జాతీయ విద్యా విధానంలో చేరినదే త్రిభాషా సూత్రం. తెలుగు మీడియం పిల్లవానికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు. ఉర్దూ మీడియం పిల్లవానికి ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. దీనికి తోడు ఖురాన్ చదవడానికి అరబ్బీ అక్షరాలు ఇంట్లోనో మసీదులోనో నేర్చుకుంటాడు. బజారులో హిందీ ఎలాగూ చెవిన పడుతుంది. అంటే మూడు రకాల లిపులు, రెండు దిక్కుల రాత: ఒకటి కుడి నుండి ఎడమకు, మిగతావి ఎడమ నుండి కుడికి.

మేము దీనిని ఫిర్యాదుగా చెప్పడం లేదు. తెలుగు రాని పిల్లవాడు ఈ గడ్డ మీద మండలాఫీసులో ఒక అర్జీ రాసుకోలేడు. ఇంగ్లీషు రానివాడు కాలేజీలో పుస్తకం తెరవలేడు. ఏది వదలాలి? ఏదీ వదలరాదు. కాని మా అనుభవంలో, ఆరు సబ్జెక్టులలో మన పిల్లలు తప్పేది చాలావరకు ఇంగ్లీషు, గణితం. ద్వితీయ భాషకు చాలాకాలం 20 మార్కులు వస్తే పాసు అనే సడలింపు ఉండడం వల్ల తెలుగు ఎలాగో గట్టెక్కింది, అయితే తెలుగు రావడం మాత్రం జరగలేదు. పాసు మార్కు తగ్గిస్తే పరీక్ష దాటవచ్చు, భాష రాదు.

పదకొండు పేపర్లు, ఆరు పేపర్లు

మేము పదవ తరగతి రాసినప్పుడు పదకొండు పేపర్లు. మొదటి భాష రెండు, ద్వితీయ భాష ఒకటి, ఇంగ్లీషు రెండు, గణితం రెండు, సామాన్యశాస్త్రం రెండు, సాంఘికశాస్త్రం రెండు. అమ్మీ ప్రతి ఉదయం అటుకులో ఉప్మానో తినిపించి, కలంలో సిరా చూసి పంపించేది. చివరి పేపరు నాటికి జ్వరం రాని పిల్లవాడు మా బెంచీలో లేడు.

పుస్తకాల బరువు గురించి దేశంలో చర్చ అంతకు ముందు నుండే ఉన్నది. 1977లో ఈశ్వర్ భాయ్ పటేల్ కమిటీ పాఠ్యభారం తగ్గించమన్నది. రాజ్యసభకు నియమితులైన రచయిత ఆర్.కె. నారాయణ్ గారు పిల్లల బడిసంచి బరువు గురించే సభలో మాట్లాడారు. 1993లో ప్రొఫెసర్ యశ్ పాల్ కమిటీ 'భారం లేని చదువు' అనే నివేదిక ఇచ్చింది. సంచి బరువు కంటే, అర్థం కాకుండా బట్టీ పట్టే బరువే ఎక్కువ అని ఆ కమిటీ చెప్పిన మాట మా వంటి ఉపాధ్యాయులు గోడకు రాసుకోదగినది.

ఇన్ని కమిటీలు చేయలేనిది కరోనా చేసింది. 2020 మార్చిలో తెలంగాణలో మొదలైన పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. ఆ ఏడాది, 2021లో కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలను పరీక్ష పూర్తి కాకుండానే పాసు చేశారు. 2022లో పరీక్షలు మళ్ళీ జరిగినప్పుడు తెలంగాణలో పదకొండు పేపర్లు ఆరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ లో 2022లో ఏడు, 2023లో ఆరు. తర్వాత సామాన్యశాస్త్రాన్ని భౌతికం, జీవశాస్త్రం అని రెండు రోజులుగా విడదీశారు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. తగ్గినవి పేపర్లు. సబ్జెక్టులు అప్పుడూ ఆరే, ఇప్పుడూ ఆరే. పరీక్షకు పోయే రోజులు తగ్గాయి, చదవవలసిన పుస్తకం తగ్గలేదు. ఇంతకు ముందు ఒక పేపరు చెడితే రెండవ పేపరులో సర్దుకునే వీలుండేది. ఇప్పుడు ఆ మూడు గంటల్లోనే అంతా తేలిపోతుంది. లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది.

ఇతరులు ఏమి చేశారు?

మనకు ఈ పద్ధతి నేర్పిన ఇంగ్లాండులో 1918 నుండి స్కూల్ సర్టిఫికెట్ అనే పరీక్ష ఉండేది. అది కూడా సముదాయమే: నిర్ణయించిన సబ్జెక్టులన్నీ కలిపి గట్టెక్కకపోతే సర్టిఫికెట్టే లేదు. 1951లో వారు దానిని తీసివేసి, ఒక్కొక్క సబ్జెక్టుకు విడిగా సర్టిఫికెట్ ఇచ్చే జి.సి.ఇ. తెచ్చారు. 1988 నుండి జి.సి.ఎస్.ఇ. పేరుతో అదే పద్ధతి నడుస్తోంది. మూడు పాసైతే మూడింటికి విలువ ఉంటుంది. అయితే అక్కడ వేరే జబ్బు పుట్టింది. ఎన్ని ఎక్కువ రాస్తే అంత గొప్ప అని కొన్ని బడులు పిల్లలతో తొమ్మిది, పది, అంతకు మించి కూడా రాయించసాగాయి. విడదీస్తే పోటీ, కలిపితే శిక్ష!

మన దేశంలోనే 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలు మధ్యేమార్గం చూపింది. సెకండరీ సర్టిఫికెట్ కు అయిదు సబ్జెక్టులు చాలు. అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. పాసైనది పాసైనట్టే నిలుస్తుంది.

ఆ తండ్రి ప్రశ్నకు జవాబు

ఇంత చరిత్ర చూసిన తర్వాత మా అభిప్రాయం మనవి చేస్తున్నాం. పదవ తరగతికి ఆరు సబ్జెక్టులు ఎక్కువ కాదు. మూడు భాషలు, గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం - ఇందులో ఏది తీసేసినా పిల్లవానికి ఒక దారి మూతపడుతుంది. సబ్జెక్టుల సంఖ్య కంటే, ఒక్కటి తప్పిన పిల్లవానిని మనం ఏమి చేస్తున్నాం అనేదే అసలు విషయం.

ఆ తండ్రి అడిగిన మాటకు సరైన జవాబు ఆనాడే ఉన్నది. పాసైన అయిదూ ఎక్కడికీ పోలేదు. మన ఎస్.ఎస్.సి.లో తప్పిన సబ్జెక్టు ఒక్కటే సప్లిమెంటరీలో రాస్తే చాలు, మిగతా మార్కులు నిలిచే ఉంటాయి. ఈ సంగతి అందరికీ తెలుసని మేము అనుకున్నాం. ఆ తండ్రికి తెలియదు. ఆరూ మళ్ళీ రాయాలనుకున్నాడు, ఏడాదంతా మళ్ళీ ఖర్చు అనుకున్నాడు. మూడేళ్ళ తర్వాత కిటికీ జాలీ చేయించుకోవడానికి ఆ దుకాణానికి పోయినప్పుడు ఈ మాట బయటపడింది. ఆనాడు ధైర్యం చెప్పాం గాని ఆ ఒక్క వాక్యం చెప్పలేదు. తప్పు పిల్లవానిది కాదు, మాది. ఫీజు మేమే కట్టి, రాత్రిపూట దుకాణం మూసిన తర్వాత కూర్చోబెట్టి చెప్పాం. మొదటిసారి నాలుగు మార్కులు తక్కువ వచ్చాయి. రెండవసారి గట్టెక్కాడు. ఆ తర్వాత ఐ.టి.ఐ.లో చేరాడు.

కావున సంఘం వారికి మా మనవి మూడు మాటలు. ఒకటి, ఫలితాలు వచ్చిన వారం లోపల మన మొహల్లాలలో తప్పిన పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో రాసి, సప్లిమెంటరీ ఫీజు గడువు లోపల ఇంటింటికి పోయి చెప్పాలి. మొదటి ర్యాంకు పిల్లలకు మెడల్ ఇస్తున్నాం, మంచిదే. ఆ ఖర్చులో సగం దీనికి పెట్టండి. రెండు, ఇంగ్లీషుకు, గణితానికి ఎనిమిదవ తరగతి నుండే సాయంత్రం తరగతులు పెట్టాలి. పదవ తరగతి జనవరిలో మేలుకుంటే ఆలస్యం. మూడు, తప్పిన అమ్మాయి ఇంటికి ముందుగా పోవాలి. అబ్బాయి దుకాణంలో కూర్చుంటాడు, మూడేళ్ళకైనా మన కంట పడతాడు. అమ్మాయి ఎవరి కంటా పడదు, ఆ వేసవిలోనే పెళ్ళి మాటలు మొదలవుతాయి.

సబ్జెక్టులు ఎన్ని ఉండాలో కమిషన్లు నిర్ణయిస్తాయి, మళ్ళీ మారుస్తాయి. నూట అరవై ఏళ్ళకు పైగా మారుస్తూనే ఉన్నాయి. తప్పిన ఇంటి తలుపు తట్టడం మాత్రం మన చేతిలోని పని. ఈ ఏడాది ఫలితాల నాడు, మెడల్ తో పాటు ఆ రిజిస్టరు కూడా సంఘం బల్ల మీద ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.